యానాం కాగితాల్లో మన పేటలు

(రాజమండ్రిలో మన పిల్లల కోసం పెట్టుకున్న రెండు రోజుల చదువు తరగతిలో చేసిన ప్రసంగం. మాట్లాడినట్టే అచ్చు వేస్తున్నాం.)



మమ్మల్ని యానాం గురించి చెప్పమన్నారు. యానాం అనగానే మనవాళ్లకి గుర్తొచ్చేవి చవక మందు, మంగళవారం సంత, ఫ్రెంచి పెన్షను తీసుకున్న ముసలోళ్ల కథలు. కాస్త చదువుకున్నవాళ్లయితే ఇంకో ముచ్చట చెబుతారు. 1930లో శారదా చట్టం అమల్లోకి వచ్చాక, బ్రిటిషు వాళ్ల గడ్డ మీద చిన్నపిల్లలకి పెళ్లి చేస్తే కేసవుతుందని, బళ్లు కట్టుకుని యానాం పోయి తాళి కట్టించుకొచ్చేవారట. అందుకే దానికి కల్యాణపురం అని ఇంకో పేరు. చూశారా, దొంగపెళ్లిళ్లకి కూడా చరిత్ర పుస్తకంలో చోటు దొరికింది. ఆ పల్లకీ మోసినోడికి, ఆ పెళ్లికి డప్పు కొట్టినోడికి మాత్రం ఒక్క వాక్యం దొరకలేదు.

దొరకదని మేమూ అనుకున్నాం. "మీకు చరిత్ర ఎక్కడుందిరా, ఉంటే చూపించండి" అంటారు గదా. చూపించమన్నప్పుడు వాళ్లు అడిగేది కాగితం. శాసనమో, కైఫీయతో, దానపత్రమో. మన తాతలకి ఎవడు దానం రాశాడు గనక! మన దగ్గరున్నది నోటి మాట. నోటి మాటకి కోర్టులో విలువ ఎంతో చుండూరు చూశాక ఇంకొకరు చెప్పక్కర్లేదు. 1991 ఆగస్టు 6న పట్టపగలు నరికి కాలవలో పడేశారు. 2007లో ప్రత్యేక కోర్టు శిక్షలు వేసింది. 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. చూసినోళ్లు చెప్పింది చాలలేదు. మరి రెండొందల ఏళ్ల కిందటి సంగతికి మన ముసలమ్మ మాట ఎవరు నమ్ముతారు?

అందుకని ఈ రోజు కాగితాల గురించే మాట్లాడదాం. యానాం కాగితాలు మన ఇళ్లలో లేవు. చాలామటుకు ఫ్రాన్సులో ఉన్నాయి. ఇప్పుడు వాటిలో కొన్ని మీ జేబులో ఉన్న ఫోనులోకి వచ్చాయి. మన తగువంతా వాటిల్ని ఎవరు చదవాలన్న దాని మీదే.

ముందు రెండు ముక్కల్లో సంగతి. ఫ్రెంచివాళ్లు యానాంలో మొదట కొట్టు పెట్టింది 1723లో. మధ్యలో వదిలేసి 1731లో మళ్లీ వచ్చారు. బుస్సీ కాలంలో, అంటే బొబ్బిలి యుద్ధం జరిగిన 1757 నాటికి, ఉత్తర సర్కార్లన్నీ వాళ్ల చేతిలోనే. మరుసటి ఏడాది చందుర్తి దగ్గర ఇంగ్లీషోళ్లతో ఓడిపోయారు. తర్వాత మిగిలింది ముప్పై చదరపు కిలోమీటర్ల ముక్క, చుట్టూ ఇంగ్లీషు వాడి జిల్లా. 1954 జూన్‌లో దడాల రఫేల్ రమణయ్య గారి నాయకత్వంలో తిరగబడి ఫ్రెంచి జెండా దించారు. అదే ఏడు నవంబరు 1న మిగతా ఫ్రెంచి ఊళ్లతో పాటు భారతదేశం చేతికి వచ్చింది. చట్టప్రకారం అప్పగింత 1962 ఆగస్టులో. ఇది బడిలో చెప్పే చరిత్ర. ఇందులో మనం లేం.

మనం ఉన్నది రేవులో.

పద్దెనిమిదో శతాబ్దంలో యానాం రేవు నుంచి గుడ్డలే కాదు, మనుషులు కూడా ఎగుమతి అయ్యారు. హిందూ మహాసముద్రంలో ఫ్రెంచి వాళ్లకి రెండు దీవులుండేవి. ఇప్పుడు మారిషస్ అంటున్నది ఒకటి, బూర్బోన్ అని అప్పట్లో పిలిచిన రీయూనియన్ ఒకటి. కరువొచ్చినప్పుడల్లా బిడ్డల్ని అమ్ముకున్నోళ్లూ, ఎత్తుకుపోబడ్డోళ్లూ బానిసలుగా ఆ దీవులకి పోయారు. 1789లో ఇంగ్లీషు గవర్నర్ జనరల్ కారన్‌వాలిస్ తన రేవుల నుంచి బానిసల ఎగుమతి నిషేధిస్తూ ప్రకటన చేశాడు. నిషేధించాల్సి వచ్చిందంటేనే తెలుస్తోంది గదా ఎంత జరిగిందో. ఆ తర్వాత రెండేళ్లకే సర్కార్లలో ఘోరమైన కరువు వచ్చింది. అప్పుడు యానాంలో దొరగా ఉన్నవాడు పియేర్ సొన్నెరా. పక్షులు, చెట్ల మీద పరిశోధన చేసిన పండితుడు. 1782లో మన దేశం గురించి బొమ్మలతో సహా పెద్ద పుస్తకం అచ్చు వేశాడు. అది ఇప్పుడు ఇంటర్నెట్‌లో ఊరికే దొరుకుతుంది. చేతివృత్తుల వాళ్ల బొమ్మలు చూడండి, బాగుంటాయి. కులాల గురించి అతను రాసింది మాత్రం పక్కన బ్రాహ్మడు కూర్చుని చెప్పింది చెప్పినట్టు రాసుకున్నట్టే ఉంటుంది.

బానిసల వ్యాపారం చట్టం ప్రకారం ఆగిపోయాక దీవుల్లో చెరుకు తోటలకి కూలీలు కావాల్సి వచ్చింది. 1828 మార్చిలో తుర్కువాజ్ అనే ఓడ రీయూనియన్ చేరింది. అందులో యానాం నుంచి తీసుకెళ్లిన పదిహేను మంది తెలుగు కూలీలున్నారు. ఒప్పందం మీద ఆ దీవికి పోయిన మొదటి భారత కూలీలు వాళ్లే. ఈ మాట కాస్త నిలబడి వినండి. తర్వాత ఫ్రెంచి దీవులకి లక్షల మంది పోయారు. తమిళ దేశం నుంచి పోయారు, బెంగాలు నుంచి పోయారు. ఆ దారిలో మొదట అడుగు పెట్టింది మన గోదావరోళ్లు. రెండేళ్లు తిరక్కుండా మూడు వేల దరిదాపు మందిని ఇదే రేవు నుంచి తరలించారు. ఫ్రెంచి కాగితాల్లో వాళ్లకి రాసిన పేరు "తెలింగ".

ఎందుకు పోయారు? ఆశపడి పోయారని దొరలు రాసుకున్నారు. మనం అవతలి పక్క కాగితం కూడా చూడాలి. 1878లో హెన్రీ మోరిస్ అనే కలెక్టరీ మనిషి గోదావరి జిల్లా మీద పుస్తకం రాశాడు. అదీ ఇంటర్నెట్‌లో ఉంది. 1821లో రాజమండ్రి జిల్లా జనం ఏడు లక్షల ముప్పై ఎనిమిది వేలు. 1841 నాటికి ఐదు లక్షల అరవై ఒక్క వేలు. ఇరవై ఏళ్లలో లక్షా డెబ్భై ఏడు వేల మంది తగ్గిపోయారు! 1833 కరువు, గాలివానలు, వరదలు, శిస్తు బాకీలకి చావబాదడం. 1839 నవంబరులో ఉప్పెన వచ్చి కోరంగి రేవు తుడిచిపెట్టుకుపోయింది. ధవళేశ్వరం ఆనకట్ట అప్పటికి లేదు, 1847లో గానీ మొదలు కాలేదు. ఆ లెక్కల్లో చచ్చినోళ్లెందరో, పారిపోయినోళ్లెందరో, ఓడెక్కినోళ్లెందరో ఎవరూ విడదీసి చెప్పలేదు. కానీ ఒకటి ఆలోచించండి. భూమి ఉన్నోడు కరువులో ఏం చేస్తాడు? గాదె తీస్తాడు. గాదె లేనోడు రేవుకి పోతాడు. మన ముసలోళ్లు "రంగం పోయాడు" అనేవారు గుర్తుందా? బర్మాలో తెలుగు కూలీని "కోరంగీ" అని పిలిచేవారు. మారిషస్‌లోనూ అదే పేరు. ఊరి పేరే కూలికి పేరైపోయింది.

ఇక వెతకడం ఎలాగో చెబుతాం. ఫోన్లు తియ్యొచ్చు.

ఫ్రెంచి జాతీయ గ్రంథాలయం వాళ్లది గల్లికా అని ఒకటుంది. 1997 నుంచి నడుస్తోంది. డబ్బు కట్టక్కర్లేదు, పేరు నమోదు చేసుకోకుండానే చదవొచ్చు. ఫ్రెంచి ఇండియా ప్రభుత్వ గెజిట్లు, వార్షిక పుస్తకాలు, ఉత్తర్వుల సంపుటాలు అందులో ఉన్నాయి. అచ్చు పుస్తకాలు కాబట్టి మాట కొట్టి వెతికితే పేజీ చూపిస్తుంది. రెండోది ఎక్స్ అనే ఊళ్లో ఉన్న వలస ప్రభుత్వాల ఆర్కైవ్స్. వాళ్లు పుట్టుకలు, పెళ్లిళ్లు, చావుల రిజిస్టర్లు ఫొటోలు తీసి పెట్టారు. పాండిచ్చేరి, కారైకాల్, మాహే, చంద్రనగరంతో పాటు యానాంవీ ఉన్నాయి. ఇవి చేతిరాత. పేరు కొడితే రాదు. ఊరు ఎంచుకుని, సంవత్సరం ఎంచుకుని ఒక్కో పేజీ తిప్పుకుంటూ పోవాల్సిందే. పిల్లలెవరో "అన్నా, ఏఐ చదివేస్తుంది గదా" అన్నారు. అచ్చు ఫ్రెంచిని ఫోను బాగానే తెలుగు చేస్తుంది, వాడుకోండి. గుమాస్తా చేతిరాత దగ్గరకొచ్చేసరికి అది కూడా ఊహించి రాసేస్తుంది. మన తాత పేరు ఊహించి రాసే పని ఇప్పటికే గుమాస్తా చేశాడు, ఫోనుతో కూడా చేయించొద్దు. కళ్లు పెట్టి చదవండి.

యానాం అని తెలుగు చెవితో వెతికితే దొరకదు. వాళ్లు వై, ఏ, ఎన్, ఏ, ఓ, ఎన్ అని రాస్తారు, యనావోన్. కోరంగికి చివర జి, యు, వై. మనం "ఊ" అన్నచోట వాళ్లు ఓ, యు రెండూ కలిపి పెడతారు. "చ" కి టి, సి, హెచ్. "జ" కి డి, జె. ఈ నాలుగూ పట్టుకుంటే సగం పేర్లు నోటికి వచ్చేస్తాయి. పైకి చదవండి, కళ్లకి ఫ్రెంచి అనిపించేది చెవికి వెంకడో, పోలమ్మో అవుతుంది.

ఇప్పుడు అసలు కష్టం. మాల అని వెతకండి, మాదిగ అని వెతకండి, మనకి కావాల్సింది అరుదుగా తగులుతుంది. మనం ఉన్నది వేరే మాట కింద. "పరియా". అది తమిళుల్లో ఒక కులం పేరు. ఫ్రెంచివాడు పాండిచ్చేరిలో నేర్చుకుని, గోదావరి ఒడ్డుకొచ్చి మన రెండు కులాలకీ అదే అతికించాడు. మాల పేట, మాదిగ పేట తేడా వాడికి అక్కర్లేదు, పని చేసే చెయ్యి అయితే చాలు. ఆ మాట వాళ్ల భాషలో ఇప్పటికీ వెలివేసినోడు అని అర్థంతో వాడుకలో ఉంది. అంటే మన చరిత్ర వెతకాలంటే ముందు మనల్ని తిట్టిన మాటే తాళంచెవిగా వాడుకోవాలి. కొందరు కుర్రాళ్లకి చెయ్యాడదు. మాకూ కష్టంగానే ఉంటుంది. కానీ తలుపు అదే.

ఇంకో మాట చెప్పాలి. యానాం వైపు పెద్దోళ్లు కొందరు "ఇంగ్లీషోడి కన్నా ఫ్రెంచోడు నయం, వాడికి కులం లేదు" అంటుంటారు. స్వేచ్ఛ, సమానత్వం, సోదరభావం అని పలక మీద రాసుకున్నోళ్లు గదా అని. పలక సంగతి సరే, ఉత్తర్వుల సంపుటం తీసి చూడండి. 1819 జనవరి 6 నాటి ఉత్తర్వు ఉంది. భారతీయులకి వాళ్ల వాళ్ల కులాచారాల ప్రకారమే తీర్పు చెప్పాలన్నది అందులో మాట. 1827లో దానికో సలహా సంఘం కూడా పెట్టారు. ఏ కులానికి ఏది ఆచారమో ఆ సంఘంలో ఊరి పెద్దలు కూర్చుని చెప్తే కోర్టు రాసుకుంటుంది. ఆ పెద్దల్లో మనోళ్లు ఉంటారా? మనువుని ఫ్రెంచి తెల్లకాగితం మీదికి ఎక్కించారంతే.

1873లో పాండిచ్చేరిలో పొన్నుతంబి అనే క్రైస్తవ వకీలు బూట్లు వేసుకుని కోర్టుకి పోయాడు. నేటివులు బూట్లతో రాకూడదన్నారు. ఆయన ప్యారిస్ దాకా పోయి గెలిచాడు. ఆయన పిళ్లై, మనవాడు కాడు. అంత చదువు, అంత పరపతి ఉన్న వకీలుకే చెప్పుల తగువు పెద్ద కోర్టు దాకా పోయిందంటే, కామందు అరుగు ముందు చెప్పులు చేతబట్టుకు నడిచిన మన తాతలు ఏ కోర్టుకి పోవాలి? ఆ గొడవ తర్వాత 1881 సెప్టెంబరు 21న ఒక డిక్రీ వచ్చింది. కులాచారం వదులుకుంటున్నానని రాసిచ్చి, ఫ్రెంచి చట్టం కిందికి రావొచ్చు. రాసిచ్చినోడు ఇంటిపేరు ఒకటి ఎంచుకోవాలి. పొన్నుతంబి "లపోర్త్" అని పెట్టుకున్నాడు, తలుపు అని అర్థం. రాసిచ్చిన వాళ్లలో దళితులు, క్రైస్తవులు చాలామంది. మన భాషలో చెప్పాలంటే కులానికి రాజీనామా! పై కులాలవాళ్లు ఊరుకోలేదు. 1884లో ఓటర్లని మూడు జాబితాలుగా చీల్చారు. యూరోపియన్లది ఒకటి, కులం వదులుకున్నోళ్లది ఒకటి, మిగతావాళ్లది ఒకటి. వదులుకున్నా వదల్లేదన్నమాట. ఈ రాజీనామాల ప్రకటనలు అచ్చు సంపుటాల్లో పేర్లతో సహా ఉన్నాయి. ఆ పేజీలు చదువుతుంటే మనవాళ్లు బాప్తిస్మంలో పెట్టుకున్న పేర్లూ, ఇప్పుడు గెజిట్లో మార్చుకుంటున్న పేర్లూ గుర్తొస్తాయి. పేరు చిన్న విషయం కాదు. జిల్లాకి బాబాసాహెబ్ పేరు పెడతామన్నందుకు 2022 మే 24న అమలాపురంలో ఇళ్లు తగలబెట్టారు. మనం ఉండగానే జరిగింది.

మళ్లీ దీవులకి వద్దాం. 1848 డిసెంబరు 20న రీయూనియన్‌లో బానిసత్వం రద్దయింది, అరవై వేల పైచిలుకు మంది విడుదలయ్యారు. వాళ్లకి ఇంటిపేర్లు పెట్టి రిజిస్టర్లో రాసుకున్నారు. ఆ తోటల్లోకి కూలీలు కావాలని 1860లో, 1861లో ఇంగ్లీషు వాడూ ఫ్రెంచి వాడూ కూర్చుని ఒడంబడిక రాసుకున్నారు. ఐదేళ్ల ఒప్పందం. వారానికి ఆరు రోజులు, రోజుకి తొమ్మిదిన్నర గంటలు మించి పని చేయించకూడదు. ఓడలో నాలుగో వంతు తక్కువ కాకుండా ఆడవాళ్లుండాలి. కాగితం మీద ఎంత బాగుందో! ఇక్కడ పాలేరుగా ఉంటే తొమ్మిదిన్నర గంటలని ఏ కామందు రాసిచ్చాడు? కానీ అక్కడా అది కాగితం మీదే. కూలీల్ని పెట్టే బాధలు భరించలేనంత అయ్యాయని ఇంగ్లీషు ప్రభుత్వమే 1882 నవంబరులో రీయూనియన్‌కి వలస ఆపేసింది. అప్పటికి ఆ ఒక్క దీవికే లక్షకి పైగా పోయారు. అట్లాంటిక్ అవతల గ్వాదెలూప్‌కి నలభై రెండు వేలు, మార్తినీక్‌కి పాతిక వేలు. ఎక్కువమంది తమిళులే. తెలుగోళ్లు వాళ్లలో కలిసిపోయారు. రీయూనియన్‌లో అందరికీ "మల్బార్" అని ఒకటే పేరు.

అందుకే యానాం రిజిస్టర్లతో ఆగొద్దంటున్నాం. ఆ దీవుల చావుల రిజిస్టర్లు కూడా అదే చోట ఉన్నాయి. ఊరి పేరు మీద కన్నెయ్యండి. ఎక్కడో చెరుకు తోటలో చచ్చిపోయిన మనిషి, పుట్టిన చోటు అన్నదాని దగ్గర యనావోన్ అనో, కోరంగి అనో ఉంటే ఆగండి. రాసుకోండి. తేదీ, వయసు, తల్లిదండ్రుల పేర్లుంటే అవి, లేకపోతే లేవని. "తల్లిదండ్రుల పేర్లు తెలియవు" అన్నచోట నిజంగా తెలియక కాదు, ఎవరూ అడగలేదు. కూలీకి తోట లెక్కల్లో ఒక నంబరుండేది, గుమాస్తాకి ఆ నంబరు చాలు.

ఇందులో జాగ్రత్తలున్నాయి. ఈ కాగితాలు దొర రాసినవి. ఒప్పందం మీద వేలిముద్ర ఉంటే "ఇష్టపడి పోయాడు" అని రాసేస్తారు. కరువులో ఆకలి వేసిన వేలిముద్ర అది. ఆడవాళ్ల పేర్లు ఇంకా తక్కువ, ఉన్నా ఎవరి భార్యో మాత్రమే ఉంటుంది. ఆర్కైవ్స్‌లో ఉన్నదంతా ఇంటర్నెట్‌లోకి రాలేదు. జాబితా కనపడుతుంది, కట్ట మాత్రం అక్కడే అటక మీద ఉంటుంది. ఏది ముందు ఫొటో తియ్యాలో వాళ్లే తేల్చుకుంటారు. వాళ్ల ఇంటిపేర్లు వెతుక్కునేవాళ్లకి పనికొచ్చేవి ముందు వస్తాయి. రీయూనియన్‌లో మనవాళ్ల మునిమనవలు అడిగి అడిగి కొన్ని తెప్పించుకున్నారు. ఇటు పక్క నుంచి అడిగేవాళ్లు లేరు. ఒక గ్రంథాలయంలో మేము యానాం పుస్తకాలు అడిగితే అక్కడి మనిషి "మీకెందుకండీ ఇవి" అన్నాడు. మర్యాదగానే అన్నాడు లెండి.

తెల్లోడి కాగితం చూసి మురిసిపోవడమెందుకు, మన రాతలు లేవా అని అడగొచ్చు. ఉన్నాయి. ఈ రాజమండ్రిలోనే కుసుమ ధర్మన్న గారు ఉన్నారు. "మాకొద్దీ నల్లదొరతనము" రాశారు, జయభేరి పత్రిక నడిపారు. ఆ పత్రిక సంచికల కోసం ఎంత తిరగాలో పరిశోధన చేసే పిల్లల్ని అడగండి. వందేళ్లు కూడా కాని మన పత్రిక మన ఊళ్లో దొరకడం కష్టం, రెండొందల ఏళ్ల కిందటి కూలీ చావు చిట్టా ఫ్రాన్సులో భద్రం. వాడు మన మీద ప్రేమతో దాచలేదు. కూలీ అంటే వాడికి పెట్టుబడి, పెట్టుబడికి లెక్క ఉండాలి. మన ఊళ్లో మన చాకిరీకి లెక్కే లేదు, ఇక కాగితం ఎక్కడిది?

ఇక పని. పదేళ్ల రిజిస్టర్లు ఒక్కో జట్టుకి పంచుతాం. 1840 నుంచి మొదలు. జట్టులో ఫ్రెంచి వచ్చినోళ్లు అక్కర్లేదు, ఓపిక ఉన్నోళ్లు కావాలి. పుట్టుక రిజిస్టర్లో ఒకే వాక్యాలు మళ్లీ మళ్లీ వస్తాయి, నాలుగు పేజీలకి అలవాటవుతాయి. పేరు, ఊరు, కులం, వృత్తి, తేదీ, ఏ పేజీలో చూశారో. పేజీ నంబరు రాయనిది లెక్కలోకి రాదు. ఇంటికెళ్లాక ముసలోళ్లని కూర్చోబెట్టి దీవులకి పోయినోళ్లు మన వంశంలో ఉన్నారా అని అడగండి, చెప్పింది చెప్పినట్టు వేరే పుస్తకంలో రాయండి. రెండు పుస్తకాలూ కలపొద్దు. కలిసేచోట అవే కలుస్తాయి.

రేపు పొద్దున తొమ్మిదింటికి మొదలుపెడదాం. ఫోన్లు ఛార్జి పెట్టుకుని, గీతల నోటు పుస్తకాలు రెండేసి తెచ్చుకోండి. యానాం నుంచి వచ్చిన చెల్లెళ్లు ముందు వరసలో కూర్చుంటే ఊళ్ల పేర్లు పోల్చడానికి మాకు సాయంగా ఉంటుంది.